ఒకే కారు – రెండు రూపాలు

ఉత్తర ఇటలీలో ఎమీలియా-రొమాన్యా అనే ప్రాంతం ఉంది. వ్యవసాయానికి, పాడికి పేరుపొందిన ఈ సమతల భూమిలో, మోడెనా నగరంలోను దాని చుట్టుపక్కల ఊళ్లలోను ఫెరారి, మసెరాటి, లంబోర్గిని, డి తొమాసో అనే నాలుగు సంస్థలు వెలిశాయి. మహావేగంతో పరుగెత్తే అత్యంత ఖరీదైన కార్లకు ఇవి పుట్టినిళ్లు. అటువంటి వాహనాలను లోకం సూపర్ కార్లు అంటుంది. అయితే ఈ కార్ల ఆకృతిని తీర్చిన శిల్పులలో ఎక్కువమంది పనిచేసింది ఇక్కడ కాదు. దేశానికి వాయవ్యాన ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలోని టురిన్ నగరం వారి నెలవు. బెర్టోనె, పినిన్‌ఫరీనా, గియా, ఇటాల్‌డిజైన్ అనే శిల్పశాలలు ఆ నగరంలోను దాని పరిసరాలలోను పుట్టినవే. లంబోర్గిని సంస్థ తన కారు ఒకదానికి పెట్టిన 'కూన్‌టాష్' అనే పేరు కూడా పీడ్‌మాంట్ మాండలికంలో ఆశ్చర్యాన్ని తెలిపే మాటే.

1980 దశకం ద్వితీయార్ధంలో తయారైన రెండు కూన్‌టాష్ కార్లను పక్కపక్కన నిలిపి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఒకటి జర్మనీలో అమ్మడానికి చేసినది. దాని ముందుభాగం కొడవలి అంచులా పలుచనై నేలవైపు వాలి ఉంటుంది. రెండవది అమెరికా కోసం చేసినది. అదే కర్మాగారంలో అదే పనివారు చేసినా, దాని ముక్కు మీద మందమైన బంపరు అడ్డంగా నిలిచి ఉంటుంది. వెనుకవైపు అంతకంటె పెద్ద బంపరు పొడుచుకొని వస్తుంది. ముందు, వెనుక చక్రాల సమీపంలో పక్కలకు చిన్న దీపాలు కూడా అమరి ఉంటాయి. ఈ తేడాలు శిల్పి కోరి చేసినవి కావు. కారు ఏ దేశానికి ప్రయాణం కట్టిందో ఆ దేశపు చట్టం చేయించినవి.

ఇందుకు మూలం 1966లో ఉంది. ఆ సంవత్సరం మార్చిలో జెనీవా ప్రదర్శనలో లంబోర్గిని 'మియూరా' కారును ప్రపంచానికి చూపింది. సూపర్ కార్లలో మొదటిదిగా చాలామంది దీనినే లెక్కిస్తారు. దాని ఆకృతిని తీర్చిన బెర్టోనె శిల్పి మార్చెల్లో గండీనికి అప్పటికి 27 ఏళ్లు. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మోటారు వాహనాల భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. ఆ ఒక్క ఏడాదే అమెరికా రోడ్ల మీద 50,000 మందికి పైగా మరణించారు. అంతకు ముందు సంవత్సరం రాల్ఫ్ నేడర్ అనే న్యాయవాది కార్ల తయారీదారుల నిర్లక్ష్యాన్ని ఎండగడుతూ రాసిన గ్రంథం దేశమంతటా అలజడి రేపింది. ఈ విధంగా ఒక అపురూప సౌందర్యమూ, దానికి హద్దులు గీసే శాసనమూ ఒకే ఏట పుట్టాయి.

శాసనం మొదట దీపాల మీద పడింది. 1968 నుంచి అమెరికాలో అమ్మే కార్లకు పక్కభాగాన గుర్తుదీపాలుగాని, కాంతిని తిప్పికొట్టే బిళ్లలుగాని తప్పనిసరి అయ్యాయి. ముందువైపు పసుపుకాషాయపు రంగు, వెనుకవైపు ఎరుపు. చీకటిలో అడ్డంగా వచ్చే వాహనాన్ని గుర్తించడానికి ఈ ఏర్పాటు. హెడ్‌లైట్లకు ముందు గాజు లేదా ప్లాస్టిక్ కవచం ఉండరాదనే నియమం కూడా అప్పుడే వచ్చింది. అదే సంవత్సరం పారిస్‌లో ఫెరారి ప్రదర్శించిన 'డేటోనా' కారుకు ఆ కవచమే ముఖ్యమైన అందం. పినిన్‌ఫరీనా శిల్పి లియొనార్దో ఫియొరవాంతి ఆ కారు ముక్కునంతా పారదర్శకమైన పట్టీతో కప్పి, దీపాలను దాని వెనుక దాచాడు. అమెరికాలో అది చెల్లదు. కనుక అవసరమైనప్పుడు పైకి లేచి, తక్కిన వేళల్లో లోపలికి ముడుచుకొనే దీపాలను అమర్చవలసి వచ్చింది. కొంతకాలానికి ఐరోపాలో అమ్మే డేటోనాలకు కూడా అవే వచ్చాయి. ఒక దేశపు నియమం ఆ విధంగా అందరి కారునూ మార్చివేసింది.

బంపర్ల సంగతి ఇంతకంటె కఠినమైనది. 1973 నమూనా సంవత్సరపు కార్లు ముందువైపు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొన్నా దీపాలు, ఇంధన వ్యవస్థ చెడకూడదని అమెరికా నిర్దేశించింది. మరుసటి ఏడాది వెనుకభాగానికీ అదే వేగం వర్తించింది. అంతేకాక నేల నుంచి సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున తగిలే దెబ్బను బంపరు ఓర్చుకోవాలి. మామూలు కారుకు ఇది పెద్ద చిక్కు కాదు. కూన్‌టాష్ మొత్తం ఎత్తే 107 సెంటీమీటర్లు! దాని ముక్కు ఆ ఎత్తుకు చేరకముందే వాలిపోతుంది. బంపరు పెట్టడానికి చోటే లేనిచోట బంపరు పెట్టమంటే అది అతికినట్లే కనిపిస్తుంది. 1982లో అమెరికా ప్రభుత్వం వేగాన్ని సగానికి తగ్గించింది గాని ఎత్తు నియమం అలాగే ఉండిపోయింది.

డి తొమాసో 'పంతేరా' చరిత్రలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. టామ్ జార్డా అనే అమెరికన్ శిల్పి టురిన్‌లోని గియాలో దీనికి రూపమిచ్చాడు. ఫోర్డ్ సంస్థ ఇంజనునిచ్చి, అమెరికాలో తన దుకాణాల ద్వారా అమ్మింది. 1971లో అక్కడికి చేరిన మొదటి పంతేరాలకు ముక్కు ఇరువైపులా రెండు చిన్న బంపర్లు మీసకట్టులా ఉండేవి. 1972లో వాటి స్థానంలో ఒకే ఒక నల్లని పెద్ద బంపరు వచ్చింది. ఐరోపాలో మాత్రం ఆ చిన్న బంపర్లే కొనసాగాయి.

కొందరు ఈ ఒత్తిడికి తలవంచలేదు. ఫెరారి 1973 నుంచి తయారుచేసిన 'బెర్లినెట్టా బాక్సర్' కారును అమెరికాకు అధికారికంగా పంపనే లేదు. దానిని కోరిన సంపన్నులు సొంతంగా తెప్పించుకొని, ప్రైవేటు పనివారి చేత చట్టానికి తగినట్లు మార్పించుకొన్నారు. ఆ పని తరచు మొరటుగా జరిగింది. దాని తరువాత 1984లో వచ్చిన 'టెస్టరోసా' వేరొక మార్గం పట్టింది. అమెరికాను మొదటి నుంచీ దృష్టిలో ఉంచుకొని గీసినది కావడంతో బంపర్లు దాని దేహంలోనే కలిసిపోయాయి. నియమాన్ని చివరలో అతికించడం కంటె ఆదిలోనే లెక్కలోకి తీసుకోవడం మేలైన శిల్పమనడానికి ఈ కారే సాక్ష్యం.

రూపాన్ని మార్చింది అమెరికా ఒక్కటే కాదు. ఇటలీలోనే రెండు లీటర్లు దాటిన ఇంజనుకు హెచ్చు పన్ను ఉండేది. అందువల్ల ఫెరారి, లంబోర్గిని, మసెరాటి మూడూ స్వదేశం కోసం చిన్న ఇంజన్ల కార్లు చేశాయి. ఫెరారి 208 చూడటానికి పెద్దదైన 308 వలెనే ఉండేది. శక్తి చాలక 1982లో దానికి టర్బో అమర్చినప్పుడు, వెనుక చక్రాల ముందు గాలిని లోనికి తీసుకొనే కొత్త రంధ్రాలు అవసరమయ్యాయి. అవి ఇటలీ పన్నుల శాఖ చెక్కిన శిల్పమనవచ్చు.

నేడు సేకర్తలు అనేకులు అమెరికా కూన్‌టాష్‌లను కొని, బంపర్లు ఊడదీసి, ఐరోపా రూపంలోకి మారుస్తున్నారు. గండీని గీసిన గీత తిరిగి కనిపిస్తున్నదని వారి వాదం. కర్మాగారం నుంచి ఏ రూపంలో వెలువడిందో అదే అసలు రూపమని ఎదుటివారి వాదం. తాళపత్ర ప్రతులలోని పాఠాంతరాలను పరిశీలించే పరిష్కర్తలకు ఈ తగవు కొత్తది కాదు. కవి హృదయానికి దగ్గరగా తోచిన పాఠాన్ని స్వీకరించినా, మంచి పరిష్కర్త తక్కిన పాఠాన్ని చెరిపివేయడు, అడుగున చూపుతాడు. ఊడదీసిన బంపరును భద్రపరచే యజమాని కూడా అటువంటివాడే. మరొక మాట. ఆ బంపర్లను ఎగతాళి చేసినంత సులభంగా ఆ చట్టాన్ని తోసిపుచ్చలేము. దెబ్బకు కుంగే స్టీరింగు, సీటు బెల్టు, ముక్కలై ఎగిరిపడని అద్దం వంటి ప్రాణరక్షకాలు కూడా ఆ శాసనం వెంట వచ్చినవే. అవి బయటికి కనిపించవు కనుక ఎవరూ మెచ్చుకోరు.

కూన్‌టాష్ మొదటి రూపం 1971లో జెనీవాలో పసుపు రంగులో దర్శనమిచ్చింది. దాని పేరు ఎల్.పి. 500. ఐరోపాలో అమ్మకానికి అనుమతి పొందాలంటే ఒక కారును ఢీకొట్టించి చూపాలి. 1974లో ఇంగ్లండులోని పరీక్షా కేంద్రంలో సంస్థ ఆ మొదటి కారునే అందుకు అప్పగించింది. అది నుజ్జయి, తరువాత కనుమరుగైంది. దశాబ్దాల తరువాత ఒక సేకర్త కోరిక మీద లంబోర్గిని చరిత్ర విభాగం పాత ఛాయాచిత్రాలు, పత్రాల ఆధారంగా దానిని మళ్లీ నిర్మించింది. టైర్లను సైతం పిరెల్లీ సంస్థ తన పాత పత్రాలు చూసి తిరిగి తయారుచేసింది. 25,000 గంటల శ్రమ పట్టిన ఆ పసుపు కారు 2021లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున ప్రదర్శనకు వచ్చింది.