ఒకే దారి ఉన్న అడవి

అలాస్కాలోని డెనాలి నేషనల్ పార్కు విస్తీర్ణం 60 లక్షల ఎకరాలు. అంతటి అడవిలోకి వేసిన రోడ్డు ఒక్కటే. పొడవు 92 మైళ్లు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు. మొదటి 15 మైళ్లకే తారు. అక్కడ సావేజ్ నది దాటాక సొంత కార్లను పోనివ్వరు, పార్కు బస్సు ఎక్కాల్సిందే. అమెరికాలోని పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే అమ్మానాన్నలకు, వాళ్లను ఎటైనా మంచి చోటికి తీసుకెళ్లాలనుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ దారి గురించే. అలాస్కా ప్రయాణాన్ని ఇక్కడ మొదలుపెట్టి అటూ ఇటూ అల్లుకుంటూ పోవాలి. ఓడ ప్రయాణమో ఇంకొకటో ఖాయం చేసుకున్నాక, మిగిలిన ఒక్క పూటలో డెనాలిని ఇరికిస్తే రెండింటికీ అన్యాయం.

అడవి అనగానే మనకు నల్లమల లాగా చెట్టు మీద చెట్టు కళ్లముందు మెదులుతుంది. ఇక్కడ చెట్లు కొంత ఎత్తు దాకానే. ఆపైన మోకాలెత్తు విల్లో పొదలు, నాచు, బెర్రీ మొక్కలు పరుచుకున్న టండ్రా. చూపుకు అడ్డమన్నది లేదు. లోయకు అవతలి గట్టున ఎలుగుబంటి పిల్లలను వెంటేసుకుని బెర్రీలు తింటుంటే ఇవతల బస్సులోంచి కనిపిస్తుంది. ఒక మంచి బైనాక్యులర్ తప్పకుండా ఉండాలి, మనిషికొకటి ఉంటే మరీ మంచిది. కెమెరా కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఈ అడవి, ఈ ఒక్క దారి ఇలా మిగలడం యాదృచ్ఛికం కాదు. 1906లో చార్లెస్ షెల్డన్ అనే వేటగాడు తెల్లటి డాల్ గొర్రెలను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. ఆయన ప్రకృతి శాస్త్రం తెలిసినవాడు కూడా. గనుల శిబిరాలకు మాంసం అమ్ముకోవడానికి ఆ గొర్రెలను మందలుగా చంపేస్తుండటం చూసి, ఈ ప్రాంతాన్ని కాపాడాలని ఏళ్ల తరబడి వాషింగ్టన్‌లో పట్టుబట్టాడు. 1917లో మౌంట్ మెకిన్లీ నేషనల్ పార్కు ఏర్పడింది. షెల్డన్‌కు దారి చూపిన హ్యారీ కార్‌స్టెన్స్ 1921లో పార్కుకు మొదటి సూపరింటెండెంట్ అయ్యాడు. 1980లో పార్కును దాదాపు మూడు రెట్లు చేసి డెనాలి పేరు పెట్టారు. లోపలి పర్వతం పేరు మాత్రం నిలకడగా లేదు. 2015లో అధికారికంగా డెనాలి అయింది, 2025లో ఫెడరల్ ప్రభుత్వం మళ్లీ మెకిన్లీ అంది. పార్కు పేరు అలాగే ఉంది, అలాస్కా జనం నోట ఎక్కువగా వినపడేదీ డెనాలే.

1960ల్లో ఈ దారిని వెడల్పు చేసి తారు వేయాలని చూశారు. అడాల్ఫ్ మ్యూరీ అనే జీవశాస్త్రవేత్త గట్టిగా అడ్డుపడ్డాడు. ఈ కొండల్లో తోడేళ్ల వెంట తిరిగి, అవి ఎక్కువగా ముసలి, బలహీనమైన, పసి జంతువులనే వేటాడతాయని తేల్చిన మనిషి ఆయన. పని మధ్యలోనే ఆగిపోయింది. ఆంకరేజ్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కు హైవే పూర్తయ్యేసరికి కార్లు ముంచెత్తుతాయని ముందే ఊహించి, 1972లో బస్సుల పద్ధతి తెచ్చారు. నాకు ఈ నిర్ణయం మీద అపారమైన గౌరవం. రోడ్డు పక్కనే గొర్రెలు నెమరు వేస్తుంటాయి, కారిబూ దుప్పుల మంద బస్సు ముందు నుంచే నింపాదిగా దాటుతుంది. కార్ల వరుసలు వచ్చి ఉంటే ఈ దృశ్యం మనదాకా వచ్చేది కాదు.

బస్సుల్లో రెండు రకాలు. టూర్ బస్సులో డ్రైవరే అన్నీ వివరిస్తూ తీసుకెళ్తాడు. ట్రాన్సిట్ బస్సు చవక, అందులో స్వేచ్ఛ కూడా ఎక్కువ. నచ్చిన చోట దిగి టండ్రాలో కాసేపు నడిచి, తర్వాత వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపి, ఖాళీ ఉంటే ఎక్కేయొచ్చు. ఏ జంతువు ఎవరికి కనిపించినా గట్టిగా చెబితే చాలు, డ్రైవర్ బండి ఆపుతాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అడుగు కిందపెట్టకుండానే గ్రిజ్లీ ఎలుగును చూడగల చోట్లు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? మధ్యలో టాయిలెట్లున్న చోట ఆపుతారు. తిండి మాత్రం లోపల ఎక్కడా దొరకదు. పులిహోరో చపాతీలో కట్టుకుని, నీళ్లు పట్టుకుని బయల్దేరాలి. బస్సులు మే 20 ప్రాంతం నుంచి సెప్టెంబరు సగం దాకా నడుస్తాయి. సీట్లు ముందు ఏడాది డిసెంబరు నుంచే అమ్ముతారు కాబట్టి మొదట కొనాల్సిన టికెట్ ఇదే, విమానం తర్వాత.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. 2021 ఆగస్టులో 43వ మైలు దగ్గర దారి మూసేశారు. అక్కడికి కొంచెం అవతల, ప్రెట్టీ రాక్స్ అనే చోట కొండవాలు లోపల పాతకాలపు మంచు కరిగి, రోడ్డును మోసుకుంటూ కిందికి జారిపోతోంది. 2014కు ముందు ఏడాదికి కొన్ని అంగుళాలే జారేది. 2017కి నెలకు అంగుళాల్లోకి, 2019కి రోజుకు అంగుళాల్లోకి వచ్చింది. 2021లోనైతే కొన్నిసార్లు గంటకు అర అంగుళానికి పైగా కదిలింది. లారీల కొద్దీ కంకర పోసినా నిలవలేదు. జారే మేర దాటడానికి 475 అడుగుల ఉక్కు వంతెన తలపెట్టారు. కాబట్టి వండర్ లేక్ దగ్గర, చెరువులో పర్వతం నీడ పడే ఆ ప్రసిద్ధ చోటును ప్లానులో రాసుకునేముందు, మీరు వెళ్లే ఏడాది బస్సులు ఎక్కడిదాకా పోతున్నాయో పార్కు ప్రకటన చూసుకోండి. 43వ మైలు దాకా వెళ్లి రావడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. ఎలుగులకు పేరున్న సేబుల్ పాస్ ఆలోపే వస్తుంది.

ఇక పర్వతం. ఎత్తు 20,310 అడుగులు, ఉత్తర అమెరికాలో దీన్ని మించింది లేదు. 1913 జూన్ 7న దీని కొసన మొదట కాలు పెట్టింది వాల్టర్ హార్పర్. తల్లి అక్కడి అథబాస్కన్ తెగ మనిషి, అతనికప్పుడు 20 ఏళ్లు. వెనకే ఎక్కిన ముగ్గురిలో కార్‌స్టెన్స్ ఒకడు. ఇంతటి పర్వతం వేసవిలో ఎక్కువ రోజులు మబ్బుల్లోనే ఉంటుంది. వచ్చినవాళ్లలో మూడో వంతుకే దర్శనమిస్తుందని అక్కడి లెక్క. అందుకే పార్కు గేటు దగ్గర కనీసం మూడు రాత్రులు ఉండమంటాను. ఒక రోజు బస్సుకి, ఒకటి సావేజ్ నది ఒడ్డున నడకకి, మిగిలింది ఏమీ పెట్టుకోకుండా వదిలేయడానికి. ఆ ఖాళీ రోజే ఒక్కోసారి మబ్బు విడుతుంది. విడకపోయినా చలికాలంలో రేంజర్ల బళ్లు లాగే స్లెడ్జి కుక్కలున్నాయి. వేసవంతా వాటి ప్రదర్శన ఉంటుంది, పిల్లలు అక్కణ్నుంచి ఒక పట్టాన రారు.

అలాస్కా మన దేశంలో సగానికి మించిన నేల. జనం ఏడున్నర లక్షల లోపే. రాజధాని జూనోకి కూడా బయటినుంచి రోడ్డు లేదు. వారం పది రోజుల సెలవులో అంతా చుట్టాలనుకోకుండా ఆంకరేజ్‌లో దిగి ఫెయిర్‌బ్యాంక్స్‌లో తిరుగు విమానం ఎక్కేలా చూసుకుంటే, వెళ్లిన దారినే వెనక్కి రావక్కర్లేదు. మొదట దక్షిణాన 125 మైళ్ల దూరంలోని సీవార్డ్‌లో రెండు రాత్రులు. అక్కడ పడవెక్కితే తిమింగలాలు, సముద్రపు ఓటర్లు, ఎర్ర ముక్కు పఫిన్ పక్షులు. ఊరి పక్కనే ఎగ్జిట్ హిమానీనదం దాకా నడిచే బాటలో, ఏ సంవత్సరానికి మంచు అంచు ఎక్కడుందో చెప్పే పలకలు పాతారు. మనవలకు వాతావరణ మార్పు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. తర్వాత ఉత్తరానికి. ఆంకరేజ్ నుంచి డెనాలికి కారులో నాలుగైదు గంటలు, రైల్లో ఎనిమిది గంటల దాకా. పెద్దవాళ్లు వెంట ఉంటే రైలే మేలు. కారైతే పర్వతారోహకుల ఊరు టాల్కీట్నా దగ్గర ఆగండి. ఖర్చుకు వెనకాడకపోతే, స్కీలు బిగించిన చిన్న విమానంలో హిమానీనదం మీద దిగి రావచ్చు.

సందర్శకుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఒక జాగ్రత్త. సియాటిల్ నుంచో వాంకూవర్ నుంచో బయల్దేరే ఓడలు కెనడాను తాకుతాయి. కారులో అలాస్కాకి పోయినా కెనడా దాటాలి. దానికి వేరే వీసా కావాలి. సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కు నేరుగా ఎగిరితే ఆ గొడవ లేదు. ఎలుగు స్ప్రే విమానంలో ఎక్కించనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. గుడారంలో పడుకునేవాళ్లు ఆవకాయ సీసాతో సహా వాసన వచ్చేదేదీ లోపల ఉంచకూడదు. ఎలుగుకు 275 మీటర్ల దూరం పాటించాలి. మూస్ అనే పెద్ద దుప్పి చూడ్డానికి సాధువులా ఉంటుంది గానీ, దూడ పక్కనున్నప్పుడు దాని తన్ను ప్రాణం తీస్తుంది.

ఏ నెల? జూన్‌లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో 21 గంటలకు పైగా సూర్యుడుంటాడు. అక్కడ దీపాల్లేకుండా రాత్రి పదికి మొదలయ్యే బేస్‌బాల్ ఆట 1906 నుంచి ఆడుతున్నారు. జూన్‌లో జంతువులకు పిల్లలుంటాయి, దోమలు కూడా దండిగా ఉంటాయి, తలకు వల తప్పదు. జూలైలో ఫైర్‌వీడ్ పూలు రోడ్ల పక్కన గులాబీ రంగు పరుస్తాయి, జనమూ ఎక్కువే. బడి పిల్లలుంటే ఈ రెండు నెలల్లోనే సర్దుకోవాలి. ఆ బంధం లేని పెద్దలు మాత్రం ఆగస్టు చివరికి ఆగండి. వాన తగలొచ్చు, ఉన్ని బట్టలు, వాన కోటు వెంట ఉండాలి. అప్పటికి దోమలు పోతాయి, టండ్రా అంతా ఎర్రబారుతుంది, ఎలుగులు చలికాలానికి ముందు పొద్దంతా బెర్రీల మీదే ఉంటాయి. చీకటి రాత్రులు తిరిగొస్తాయి కాబట్టి ఫెయిర్‌బ్యాంక్స్‌లో చివరి రెండు రాత్రులు మెలకువగా ఉంటే, ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఉత్తర ధ్రువ కాంతులు కూడా చూడొచ్చు.