నల్లమల నీలి సాలీడు

నల్లమల నీలి సాలీడు తూర్పు కనుమలలోని నల్లమల అడవులలో నివసించే ఒక పెద్ద చెట్టు సాలీడు. దీని శాస్త్రీయ నామం పొయెసిలోథీరియా మెటాలికా. ఆంగ్లంలో దీనిని గుత్తి టరాంటులా అని, పీకాక్ పారాషూట్ స్పైడర్ అని పిలుస్తారు. ఈ వ్యాసంలో వాడిన తెలుగు పేరు దాని రంగును, అది ఉండే కొండలను బట్టి పెట్టినది. 1899లో ఆంగ్లేయ శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దీనిని మొట్టమొదటిసారిగా వర్ణించాడు. ఆ తరువాత 102 సంవత్సరాల పాటు ఈ జాతి శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు పట్టణాల నడుమ ఉన్న రిజర్వు అడవిలో ఇది తిరిగి కనుగొనబడినది.

వర్గీకరణ

సాలీడు కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళుండగా సాలీళ్ళకు ఎనిమిది కాళ్ళుంటాయి. తేళ్ళు, గోమార్లు, తొలకరిలో నేలమీద ఎర్రని మఖమల్ గుడ్డ ముక్కలవలె కనిపించే ఆరుద్ర పురుగులు కూడ సాలీళ్ళ తరగతికి చెందినవే. ఒళ్ళంతా నూగు కలిగి, పెద్ద శరీరం గల సాలీళ్ళను టరాంటులాలు అంటారు. ఇవి థెరాఫోసిడే కుటుంబానికి చెందినవి.

ఈ కుటుంబంలో పొయెసిలోథీరియా ఒక ప్రజాతి. దీనిని 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త యూజీన్ సిమోన్ ఏర్పరచాడు. గ్రీకు భాషలో పొయికిలోస్ అంటే వన్నెవన్నెలది, థీరియోన్ అంటే మృగం. ఈ ప్రజాతిలో సుమారు 15 జాతులు ఉన్నాయి. ఇవి భారతదేశంలోను, శ్రీలంకలోను తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కానరావు. మెటాలికా అనే రెండవ పదం ఈ సాలీడు శరీరానికున్న లోహపు మెరుపును తెలుపుతుంది.

జంతువుల శాస్త్రీయ నామాలకు 1758లో వెలువడిన లిన్నేయస్ గ్రంథం ప్రారంభరేఖ. సాలీళ్ళకు మాత్రం అంతకు ఒక సంవత్సరం ముందు, 1757లో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త క్లెర్క్ గ్రంథాన్ని మినహాయింపుగా అంగీకరించారు. 2022 నాటికి పేరుపెట్టబడిన సాలీడు జాతుల సంఖ్య 50,000 దాటినది.

గుత్తిలో దొరికిన నమూనా

ఒక కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు శాస్త్రజ్ఞుడు ఒక నమూనాను ఆధారంగా చూపాలి. దీనిని మూల నమూనా అంటారు. ఆ నమూనా ఎక్కడ దొరికినదో ఆ ఊరు మూల స్థలం అవుతుంది. రూపవర్ణన, కొలతలు, దగ్గరి జాతులతో గల భేదాలు ప్రచురించిన తరువాతనే పేరు చెల్లుతుంది. భవిష్యత్తులో ఎవరికైనా అనుమానం కలిగితే తిరిగి చూడవలసినది ఆ నమూనానే, వెళ్ళవలసినది ఆ స్థలానికే.

నీలి సాలీడు విషయంలో ఈ రెండవ అంశమే దారి తప్పించినది. పోకాక్ ఆ కాలంలో లండన్ లోని బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి చరిత్ర విభాగంలో పనిచేసేవాడు. భారతదేశం నుండి అక్కడికి చేరిన నమూనాలను పరిశీలించి అతడు ఎన్నో సాలీళ్ళకు, తేళ్ళకు పేర్లు పెట్టాడు. 1899లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో పోకాక్ ప్రచురించిన నీలి సాలీడు వర్ణనకు ఆధారమైన నమూనా గుత్తిలో దొరికినది. దానితో గుత్తి మూల స్థలంగా నమోదైనది. ఆంగ్లంలో దీనికి గుత్తి పేరు రావడానికి కారణం ఇదే.

అయితే గుత్తి పరిసరాలు రాతిగుట్టలు, మెట్ట భూములు. ఈ సాలీడుకు కావలసిన ఎత్తైన పాత చెట్ల అడవి అక్కడ లేదు. నమూనా దొరికినది గుత్తిలోని రైల్వే కలప అడితిలో అని చెబుతారు. 19వ శతాబ్దపు చివరి దశకాలలో గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా నల్లమల కొండలను దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు మీటరు గేజి రైలు మార్గం వేయబడినది. గుంతకల్లుకు గుత్తి పొరుగు ఊరు. కొండల్లో నరికిన దుంగలతోబాటు, తొర్రలో దాగిన సాలీడు కూడ రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. గుత్తికి, ఈ సాలీడు అసలు నివాసానికి మధ్య దూరం సుమారు 100 కిలోమీటర్లు.

కలపతో ప్రయాణించే జీవుల విషయంలో ఇటువంటి పొరపాటు అరుదు కాదు. లండన్ లో బల్లముందు కూర్చున్న శాస్త్రవేత్తకు సీసాపై అంటించిన చీటీయే ఆధారం. పోకాక్ వర్ణనలో రూపానికి సంబంధించి తప్పు లేదు. చిరునామా మాత్రమే తప్పు. కాని ఒక జీవిని వెదకడానికైనా, దాని అడవిని కాపాడడానికైనా చిరునామాయే ముఖ్యం.

గిద్దలూరు అడవి

2001లో ఈ సాలీడు మళ్ళీ కనిపించిన ప్రదేశం నల్లమల దక్షిణ భాగంలో ఉన్నది. నంద్యాల నుండి గిద్దలూరు వెళ్ళే బస్సు పచ్చర్ల దాటి ఘాట్ ఎక్కి దిగువమెట్ట వైపు దిగుతుంది. రైలు మార్గం గాజులపల్లె, దిగువమెట్ట స్టేషన్ల గుండా ఇవే కొండలను దాటుతుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు.

ఈ కొండలలో 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం వన్యప్రాణి అభయారణ్యం ఏర్పాటైనది. కంభం చెరువును నింపే గుండ్లకమ్మ పుట్టేది ఈ కొండల్లోనే. ఇది ఆకురాల్చే ఎండు అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, సండ్ర, వెదురు ఇక్కడి ముఖ్యమైన వృక్షాలు. వేసవిలో అడవి మోడుబారి, తొలకరి పడగానే తిరిగి చిగురిస్తుంది.

పరిశోధకులు ఈ సాలీడు నివాస ప్రాంతం 100 చదరపు కిలోమీటర్లకు లోపే ఉంటుందని అంచనా వేశారు. చుట్టుపక్కల అడవులలో వెదికినా కనబడలేదు. 2020లో తమిళనాడులోని జింజీ సమీపాన పక్కమలై రిజర్వు అడవిలో కూడ దీనిని చూసినట్లు పరిశీలకులు ప్రకటించారు. రెండు ప్రదేశాల మధ్య దూరం చాలా ఎక్కువ కనుక, నడుమనున్న కొండలలో వెదకవలసిన అవసరం ఇంకా ఉన్నది.

మార్కాపురం పలకలకు, కంభం చెరువుకు పేరు పొందాయి. ప్రపంచంలోని సాలీడు ప్రియులందరికీ తెలిసిన ఈ జీవి మూలంగా గిద్దలూరుకు రావలసిన పేరు మాత్రం గుత్తికి పోయినది.

ఆకారం

పెరిగిన సాలీడు కాళ్ళు చాపితే 15 నుండి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. శరీరం, కాళ్ళు ముదురు నీలి రంగులో మెరుస్తాయి. ఉదరం పైభాగంలో తెల్లని, బూడిదరంగు గీతలు కొమ్మలు చీలినట్లు చిక్కని అల్లికగా ఉంటాయి. ముందరి రెండు జతల కాళ్ళ అడుగుభాగంలో పసుపుపచ్చని పట్టీలు ఉంటాయి. బెదిరినప్పుడు సాలీడు ముందుకాళ్ళు పైకెత్తడం వల్ల ఈ పసుపురంగు స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలలో నీలిరంగు అంతగా ఉండదు. కుబుసం విడిచిన కొద్దీ రంగు చిక్కబడుతుంది. పెరిగిన మగ సాలీడు ఆడదానికంటె సన్నగా, రంగు తక్కువగా ఉంటుంది.

నీలి రంగుకు కారణం

ఈ సాలీడు ఒంటిమీద నీలిరంగు పదార్థమేదీ లేదు. దాని వెంట్రుకలలో కంటికి కనబడనంత సన్నని పొరల నిర్మాణాలు ఉన్నాయి. వాటిమీద పడిన వెలుతురులో నీలికాంతి మాత్రమే బలంగా వెనుకకు మరలుతుంది. నెమలి ఈకలోని రంగు కూడ ఇటువంటి నిర్మాణం వలన ఏర్పడేదే. ఈకను నూరి పొడిచేస్తే నీలిమందు వంటి రంగు రాకపోవడానికి కారణం ఇదే.

2015లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడిన పరిశోధన టరాంటులాల నీలిరంగును విస్తృతంగా పరిశీలించినది. వేరువేరు టరాంటులా వంశాలలో నీలిరంగు కనీసం ఎనిమిది సార్లు స్వతంత్రంగా పుట్టినదని, లోపలి నిర్మాణాలు వేరైనా అన్నీ సుమారు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్దనే కాంతిని ప్రతిఫలిస్తున్నాయని అందులో తేలినది. టరాంటులాల చూపు మందం కనుక, ఈ రంగు జతను ఆకర్షించడానికి కాకపోవచ్చునని ఆ పరిశోధకులు భావించారు. 2020లో వచ్చిన మరొక పరిశోధన దీనితో ఏకీభవించలేదు. రంగులను గుర్తించడానికి అవసరమైన ప్రోటీనులు టరాంటులాలలో ఉన్నాయని, కాబట్టి అవి ఒకదాని రంగును మరొకటి గుర్తించగలవేమోనని అది సూచించినది. ఈ వాదం ఇంకా తేలలేదు.

జీవన విధానం

ఈ సాలీడు ఎత్తైన చెట్ల తొర్రలలో, బెరడు పగుళ్ళలో నివసిస్తుంది. పుట్టను, నేల కన్నాన్ని ఆశ్రయించే ఇతర టరాంటులాలకు భిన్నంగా ఇది చెట్టును అంటిపెట్టుకొని ఉంటుంది. తొర్ర ముఖద్వారం వద్ద గరాటు ఆకారంలో గూడు అల్లుతుంది. పగలు లోపలే ఉండి, రాత్రి బయటికి వచ్చి దగ్గరకు వచ్చిన పురుగులను వేగంగా దూకి పట్టుకుంటుంది. గాలిలో వల కట్టి ఎదురుచూసే సాలీడు కాదిది.

తొర్రలు తక్కువైన చోట ఒకే చెట్టుపై పలు సాలీళ్ళు కలిసి ఉండడం కూడ జరుగుతుంది. తొర్ర ఏర్పడడానికి చెట్టుకు వయస్సు రావాలి. కొమ్మ విరిగినచోట చేవ కుళ్ళి గుల్ల కావడానికి ఏళ్ళు పడుతుంది. పదేళ్ళ మొక్కలతో నిండిన అడవి పైకి పచ్చగా కనిపించినా ఈ సాలీడుకు ఇల్లు కాదు.

ఆడ సాలీడు 11 లేక 12 సంవత్సరాలు జీవిస్తుంది. మగది 3 లేక 4 సంవత్సరాలు మాత్రమే బ్రతుకుతుంది. యుక్తవయస్సు రాగానే మగ సాలీడు తన తొర్ర విడిచి ఆడదాన్ని వెదకుతూ తిరుగుతుంది. ఇంత నిదానంగా పెరిగే జీవిలో ఒక పెద్ద ఆడ సాలీడును పట్టుకుపోతే ఆ లోటు పూడడానికి చాలాకాలం పడుతుంది.

కాటు

ఈ ప్రజాతి సాలీళ్ళ కాటువలన మనుషులు మరణించినట్లు నమోదు కాలేదు. కాని కాటు తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. కండరాలు పట్టేసి, ఆ బాధ కొన్ని రోజుల తరువాత కూడ తిరిగి రావచ్చును. అమెరికా ఖండపు టరాంటులాలవలె దురద పుట్టించే వెంట్రుకలను ఇది విసరలేదు. మనిషిని చూస్తే తొర్రలోకి తప్పుకోవడమే దీని స్వభావం.

ముప్పు, రక్షణ

2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల కోవలో చేర్చినది. వంటచెరకుకు కొమ్మలు నరకడం, కలపకై పెద్ద చెట్లు కొట్టడం దీనికి ప్రధాన ముప్పు. రిజర్వు అడవి అనే పేరున్నంత మాత్రాన ఈ నరికివేత ఆగలేదు.

రెండవ ముప్పు పెంపకపు వ్యాపారం. తిరిగి కనుగొన్న కొద్ది సంవత్సరాలలోనే ఈ సాలీడు ఐరోపా, అమెరికా దేశాల పెంపకందారుల గాజుపెట్టెలలో ప్రత్యక్షమైనది. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యేవాటిలో ఎక్కువభాగం అక్కడే పుట్టినవి. దీనివలన అడవిపై ఒత్తిడి తగ్గుతుందని కొందరు వాదిస్తారు. పెట్టెలో పుట్టినదానిని, అడవిలో పట్టినదానిని చూచి వేరుచేయడం సులభం కాదు కనుక ఈ వాదం సగమే నిజం. పైగా పెట్టెలలో ఎన్ని వేలు ఉన్నా అవి గిద్దలూరు కొండలోని తొర్రలను నింపవు.

2008 నాటి అంచనా వేసే సమయానికి ఈ సాలీడుకు భారతీయ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో శ్రీలంక, అమెరికా ప్రతిపాదనపై పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండవ అనుబంధంలో చేర్చారు. ఆ నిర్ణయం అదే సంవత్సరం నవంబరు 26న అమలులోకి వచ్చినది. అప్పటి నుండి దేశాల మధ్య వీటి రవాణాకు అనుమతిపత్రం తప్పనిసరి. సైటిస్ పట్టికలలోని జీవుల కొరకు భారతదేశం 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినది.

కొత్త జాతుల వర్ణన పద్ధతి కూడ మారినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం భారతదేశంలో కొత్త జాతిని కనుగొన్నవారు దాని నమూనాను ప్రభుత్వం గుర్తించిన సంస్థలో భద్రపరచాలి. దొరికిన స్థలాన్ని ఇప్పుడు అక్షాంశ రేఖాంశాలతో సహా వ్రాస్తున్నారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా పొరపాట్లు తప్పవు. 2006లో నల్లమల పేరుతోనే పొయెసిలోథీరియా నల్లమలైయెన్సిస్ అనే జాతి వర్ణించబడినది. అది అంతకుముందే పేరున్న జాతి అని తరువాత నిర్ణయించడంతో ఆ పేరు పర్యాయనామంగా మిగిలినది. నీలి సాలీడుకు మాత్రం పోకాక్ పెట్టిన పేరే ఇప్పటికీ చెల్లుతున్నది. మూల స్థలంగా గుత్తియే నమోదై ఉన్నది.