చక్రం బరువు తగ్గితే పెట్రోలు మిగులుతుందా?

ఉత్తర కోల్‌కతాలోని శ్యామ్‌బజార్ ఐదు రోడ్ల కూడలి నుంచి ఎస్ప్లనేడ్ వరకు దూరం సుమారు 5 కిలోమీటర్లు. ఈ కాస్త దూరంలో ట్యాక్సీ ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కపెట్టడం కష్టం. సిగ్నల్ దగ్గర ఆగాలి, బస్సు అడ్డం వస్తే ఆగాలి, రోడ్డు దాటేవారి కోసం ఆగాలి. ఆగిన ప్రతిసారీ బండి మళ్లీ సున్నా నుంచి వేగం అందుకోవాలి. పెట్రోలు ఎక్కువగా ఖర్చయ్యేది సరిగ్గా అక్కడే.

ఈ వీధుల్లో దశాబ్దాల పాటు తిరిగిన పసుపు రంగు అంబాసిడర్ ట్యాక్సీలు ఇప్పుడు కనుమరుగవుతున్నాయి. కోల్‌కతాకు ఆనుకుని ఉన్న హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ ఈ కారు తయారీని 2014 మే నెలలో ఆపేసింది. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగకూడదన్న నిబంధన వల్ల మిగిలినవీ ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి. వాటి స్థానంలో వచ్చిన చిన్న కార్లను వాయిదాలపై కొని నడుపుతున్న వారికి ప్రతి లీటరూ ముఖ్యమే. అలాంటి వారికి విడిభాగాల దుకాణాల్లో తరచూ వినిపించే సలహా ఒకటుంది. ఉక్కు చక్రాలు తీసేసి తేలికైన అల్లాయ్ చక్రాలు వేయించుకుంటే బండి చురుగ్గా కదులుతుంది, మైలేజీ పెరుగుతుంది అని. వాహన ప్రియుల్లో కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, చక్రంలో ఒక కిలో తగ్గితే బండిలో పది కిలోలు తగ్గినట్టే అంటారు.

ఇందులో నిజమెంత? ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే దీనికి జవాబు చెప్పవచ్చు.

గాజు, స్ట్రైకర్

ముందుగా ఒక చిన్న ప్రయోగం. ఒక చెక్క పలకను ఏటవాలుగా పెట్టండి. పై అంచు నుంచి ఒక లోహపు గాజును, ఒక క్యారమ్ స్ట్రైకర్‌ను నిలువుగా పట్టుకుని ఒకేసారి దొర్లనివ్వండి. స్ట్రైకర్ ముందుగా కిందికి చేరుతుంది. బరువైన గాజు తీసుకున్నా, పెద్ద గాజు తీసుకున్నా ఫలితం మారదు.

కారణం ఇది. దొర్లే వస్తువు ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ముందుకు కదులుతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది. రెండింటికీ శక్తి కావాలి. గాజులో ద్రవ్యరాశి అంతా అంచులోనే ఉంది. అందువల్ల దానికి అందిన గతిజశక్తిలో సగం కేవలం తిరగడానికే పోతుంది. స్ట్రైకర్‌లో ద్రవ్యరాశి మధ్య నుంచి అంచు దాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి తిరగడానికి మూడో వంతు శక్తి చాలు. మిగిలింది ముందుకు కదలడానికి ఉపయోగపడుతుంది. ద్రవ్యరాశి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది కూడా ముఖ్యమే. ఈ రెండింటినీ కలిపి చెప్పే రాశినే పాఠ్యపుస్తకాలు జడత్వ భ్రామకం అంటాయి.

కారు చక్రం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. టైరు అంచున ఉంటుంది, రిమ్ము దానికి లోపల, హబ్బు మధ్యలో ఉంటాయి.

పది కిలోలు కాదు, రెండు

టైరు బయటి అంచున అతుక్కున్న చిన్న మట్టి బెడ్డను ఊహించుకోండి. చక్రం జారకుండా దొర్లుతున్నప్పుడు ఆ బెడ్డ ఇరుసు చుట్టూ తిరిగే వేగం, కారు ముందుకు వెళ్లే వేగం సమానం. కాబట్టి ముందుకు కదిలించడానికి ఎంత శక్తి కావాలో, తిప్పడానికీ అంతే కావాలి. అంటే అంచున ఉన్న ఒక కిలో, సీటు మీద ఉన్న రెండు కిలోలతో సమానం. ఇంతకు మించి పెరిగే వీలు లేదు. ఎందుకంటే చక్రంలో ఏ భాగమూ బయటి అంచు కంటే దూరంగా ఉండదు. పది కిలోల మాటకు ఇక్కడే తెరపడుతుంది.

రిమ్ము విషయంలో ఈ లాభం ఇంకా తగ్గుతుంది. అది టైరు అంచుకు చాలా లోపల ఉంటుంది కాబట్టి అందులో తగ్గించిన కిలో దాదాపు కిలోన్నరతో సమానం. టైరులో, ముఖ్యంగా రోడ్డును తాకే భాగంలో తగ్గితే దాదాపు రెండు కిలోలు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. మనుషులతో కలిపి 1,200 కిలోలున్న ఒక చిన్న కారును తీసుకుందాం. టైరుతో సహా ఒక్కో చక్రం 15 కిలోలు అనుకుంటే నాలుగూ కలిపి 60 కిలోలు. అవి తిరగడం వల్ల వచ్చే అదనపు భారం సుమారు 45 కిలోలు. అంటే వేగం పెంచేటప్పుడు ఇంజనుకు ఈ కారు 1,245 కిలోల బండిలా అనిపిస్తుంది. తేడా నాలుగు శాతం కూడా లేదు. రైళ్లలో ఈ వాటా ఎక్కువ. ఉక్కు చక్రాలు, ఇరుసులు, మోటార్లు అన్నీ తిరుగుతాయి కాబట్టి ఇంజనీర్లు త్వరణాన్ని లెక్కించేటప్పుడు రైలు బరువుకు దాదాపు పది శాతం అదనంగా కలుపుకుంటారు. 1984లో దేశంలోనే మొదటిదిగా మొదలైన కోల్‌కతా మెట్రో కూడా స్టేషను స్టేషనుకూ ఆగి కదిలే బండే. అక్కడ ఈ లెక్క తప్పనిసరి.

ఇప్పుడు మన కారులో ఒక్కో రిమ్ముకు 2 కిలోల చొప్పున మొత్తం 8 కిలోలు తగ్గించామనుకుందాం. దాని ప్రభావం 12 కిలోలు తగ్గినట్టు. 1,245 కిలోలలో ఇది సుమారు ఒక శాతం. సున్నా నుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 8 సెకన్లు పట్టే బండికి సెకనులో పన్నెండో వంతు మిగులుతుంది. పందెంలో ఇది గెలుపోటములను తేల్చవచ్చు. శ్యామ్‌బజార్ సిగ్నల్ దగ్గర ఎవరూ గమనించరు.

లీటరుకు ఎన్ని ఆగుళ్లు?

ఇంధనం సంగతికి వద్దాం. ఇక్కడ మొదట గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు తిరిగే చక్రానికి అదనపు శక్తి అక్కర్లేదు. ఒకసారి అందిన గతిజశక్తి దానిలోనే ఉంటుంది. ఆ సమయంలో ఇంజను పోరాడేది గాలి నిరోధంతో, టైర్ల దొర్లుడు ఘర్షణతో. చక్రం తిరగడానికి ఇచ్చిన శక్తి వృథా అయ్యేది బ్రేకు నొక్కినప్పుడే. అది వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అందువల్ల హైవే మీద తేలిక చక్రాల వల్ల ఆదా దాదాపు ఉండదు. ఏమైనా ఉంటే అది కోల్‌కతా లాంటి నగరంలోనే ఉండాలి.

మన కారు గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుని, మళ్లీ బ్రేకుతో ఆగిందనుకుందాం. ఒక్కో ఆగుడుకు సుమారు 62,000 జౌల్స్ వేడిగా పోతాయి. నగరంలో ఇంజను పెట్రోలులోని శక్తిలో ఐదో వంతును మాత్రమే చక్రాలకు అందిస్తుందనుకుంటే, దీనికి 3,10,000 జౌల్స్ పెట్రోలు కాలాలి. ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి దాదాపు 3 కోట్ల 20 లక్షల జౌల్స్. అంటే సుమారు వంద ఆగుళ్లకు ఒక లీటరు. రోజుకు 250 సార్లు ఆగే ట్యాక్సీ, కేవలం మళ్లీ వేగం అందుకోవడానికే రోజూ రెండున్నర లీటర్లు కాలుస్తోంది.

ఇందులో తేలిక రిమ్ములు మిగిల్చేది ఎంత? 12 కిలోలకు ఒక్కో ఆగుడులో 600 జౌల్స్. పెట్రోలు రూపంలో 3,000 జౌల్స్. ఒక లీటరు ఆదా కావాలంటే బండి పదివేల సార్లకు పైగా ఆగి కదలాలి. రోజుకు 250 ఆగుళ్ల లెక్కన 40 రోజులకు ఒక లీటరు.

లీటరు ధర 100 రూపాయలు, నాలుగు అల్లాయ్ చక్రాల ఖర్చు 25,000 రూపాయలు అనుకుందాం. ఆ ఖర్చు తిరిగి రావాలంటే 250 లీటర్లు మిగలాలి. దానికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు పడుతుంది. కోల్‌కతాలో వాణిజ్య వాహనానికి అనుమతించిన వయసు 15 ఏళ్లు. చక్రాల ఖర్చు తిరిగి రాకముందే బండి రోడ్డు మీద నుంచి తప్పుకోవాలి.

పైగా అల్లాయ్ అన్నంత మాత్రాన తేలిక కాదు. అల్యూమినియం మిశ్రమం ఉక్కు కంటే తేలికే అయినా, దానితో చేసిన రిమ్ము మందంగా ఉంటుంది. అదే కొలతలో చాలా అల్లాయ్ రిమ్ములు ఉక్కు రిమ్ములతో దాదాపు సమానంగా తూగుతాయి. అందం కోసం ఒకటి రెండు అంగుళాలు పెద్ద రిమ్ము, వెడల్పాటి టైరు వేయిస్తే బరువు తగ్గకపోగా పెరుగుతుంది. కొనేముందు రెండింటినీ కాటా మీద పెట్టి చూడటం మంచిది.

తేలిక చక్రం వల్ల అసలు ప్రయోజనమే లేదా అంటే, ఉంది. గుంతల రోడ్డు మీదా, ట్రామ్ పట్టాల మీదుగా వెళ్లేటప్పుడూ బరువు తక్కువ ఉన్న చక్రం త్వరగా పైకి లేచి త్వరగా కిందికి దిగుతుంది. టైరు రోడ్డును విడవకుండా ఉంటుంది. కుదుపు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. అది సౌకర్యానికి, భద్రతకు సంబంధించిన లాభం. మైలేజీకి సంబంధించినది కాదు.

ఫ్లైవీల్ కథ వేరు

కారులో తిరిగేవి చక్రాలు మాత్రమే కాదు. ఇంజను చివర బిగించిన బరువైన ఇనుప పళ్లెం లాంటి ఫ్లైవీల్ కూడా తిరుగుతుంది. కాలితో తొక్కే కుట్టు మిషనుకు ఉన్న పెద్ద చక్రం, కుమ్మరి సారె చేసే పనే ఇదీ చేస్తుంది. శక్తి దఫదఫాలుగా అందుతున్నా తిరుగుడును నిలకడగా ఉంచుతుంది.

మొదటి గేరులో చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఇంజను 14 చుట్లు తిరుగుతుందనుకుందాం. అప్పుడు ఫ్లైవీల్ ప్రభావం 14 రెట్లు కాదు, 14 వర్గం, అంటే 196 రెట్లు పెరుగుతుంది. సాధారణమైన చిన్న కారులో ఇది మొదటి గేరులో దాదాపు 220 కిలోల అదనపు బరువులా పనిచేయవచ్చు. అదే ఫ్లైవీల్ ఐదో గేరులో 11 కిలోలతో సమానం. చక్రంలో ఒక కిలో పది కిలోలతో సమానమన్న మాట బహుశా ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్ల పుట్టి ఉంటుంది.

మరి ఫ్లైవీల్‌నే తురిమి తేలిక చేస్తే? పందెం కార్లలో చేస్తారు. రోజువారీ బండికి అది పనికిరాదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కో చుట్టులో రెండుసార్లే తోపు ఇస్తుంది. ఆ రెండు తోపుల మధ్య ఇంజనును నడిపించేది ఫ్లైవీల్‌లో దాచిన శక్తే. దాన్ని తగ్గిస్తే సిగ్నల్ దగ్గర ఇంజను వణుకుతుంది, క్లచ్ వదిలేటప్పుడు ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని ఐడ్లింగ్ వేగం పెంచితే మిగిలిందనుకున్న పెట్రోలు అక్కడే కాలిపోతుంది. సరిగా చేయని ఫ్లైవీల్ అధిక వేగంలో పగిలితే ప్రాణాలకే ప్రమాదం.

బ్రేకు డిస్కుల విషయంలోనూ అంతే. ఒక్కో ఆగుడులో 62,000 జౌల్స్ వేడిని ముందుగా తనలోకి తీసుకునేది ఆ డిస్కే. బరువు తగ్గించాలని దానికి రంధ్రాలు పెడితే వేడిని భరించే శక్తి తగ్గుతుంది.

ఆదా ఎక్కడుంది?

అదే ట్యాక్సీ రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతుందనుకుని మరో రెండు లెక్కలు చూద్దాం. టైర్లలో సరైన గాలి ఉంచి దొర్లుడు ఘర్షణను పది శాతం తగ్గించగలిగితే రోజుకు 180 మిల్లీలీటర్లకు పైగా పెట్రోలు మిగులుతుంది. దూరం నుంచే ఎర్ర లైటు చూసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బండి ఇంకా కదులుతుండగానే పచ్చ లైటు పడేలా చూసుకుంటే, పదింటిలో ఒక్క ఆగుడు తప్పినా రోజుకు పావు లీటరు వరకు మిగులుతుంది. తేలిక రిమ్ములు మిగిల్చేది రోజుకు 25 మిల్లీలీటర్లు కూడా కాదు. మొదటిది దాదాపు ఎనిమిది రెట్లు, రెండోది పది రెట్లు. రెండింటికీ పెట్టుబడి అక్కర్లేదు.

బ్రేకు వేడిగా పోయే శక్తిని తిరిగి పట్టుకోవడం ఇంకో మార్గం. 2019 నుంచి కోల్‌కతాలో తిరుగుతున్న విద్యుత్ బస్సుల్లాంటి వాహనాల్లో, వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి పంపగలదు. ముందుకు కదిలే బండి శక్తితో పాటు తిరిగే చక్రాల శక్తిలోనూ కొంత అలా వెనక్కి వస్తుంది. అలాంటి బండిలో చక్రం బరువు గురించిన బెంగ ఇంకా తగ్గుతుంది.

ఇప్పటి పెట్రోలు కారుకు మాత్రం చేయగలిగిన మేలు సులువైనదే. నెలకు రెండుసార్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టికలో ఉన్నంత గాలి ఉందో లేదో చూసుకోవాలి.