ఇసుక సమాధి నుంచి రేసు కారు!

పాత కారును బాగుచేయాలంటే ఎవరైనా ముందు బానెట్ ఎత్తుతారు, పానా పట్టుకుంటారు. ‘బాబ్స్’ విషయంలో మాత్రం మొదట కావాల్సి వచ్చింది... పార! ప్రపంచ వేగ రికార్డు సాధించి, మరుసటి ఏడాదే తన యజమాని ప్రాణం తీసిన ఆ రేసు కారు 42 ఏళ్లు సముద్రతీరంలో ఇసుక కింద ఉండిపోయింది. ఓ లెక్చరర్ దాన్ని తవ్వి తీశాడు. తుప్పు కుప్పను మళ్లీ కారుగా మార్చాడు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పెండైన్ అని ఓ చిన్న ఊరు. దాని ముందు ఏడు మైళ్ల పొడవున చదునైన ఇసుకతీరం. ఆటుపోట్లకు తడిసి గట్టిపడే ఆ ఇసుక మీద 1920ల్లో పెద్ద పెద్ద రేసు కార్లు దూసుకెళ్లేవి. అంత పొడవైన తిన్నటి దారి ఆ రోజుల్లో అక్కడ అరుదుగా దొరికేది మరి. బాబ్స్ గెలిచిందీ, కూలిందీ ఆ తీరం మీదే.

విమానం ఇంజిన్‌తో...
బాబ్స్ అసలు పేరు ‘హైయమ్ స్పెషల్’. దాన్ని తయారు చేయించింది కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అనే సంపన్న యువకుడు. విమానం ఇంజిన్లను కార్లకు బిగించడం ఆయన సరదా. పిల్లల కథగా, సినిమాగా పేరు తెచ్చుకున్న ‘చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’కు ప్రేరణ ఆయన కార్లే. హైయమ్ స్పెషల్‌కి మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటి అమెరికన్ ‘లిబర్టీ’ ఇంజిన్ పెట్టించాడు. 12 సిలిండర్లు, 27 లీటర్లు! మన మారుతి 800 ఇంజిన్లు 34 కలిపితే గానీ దానికి సరిపోవు. గేర్‌బాక్స్ బెంజ్‌ది. వెనక చక్రాలను తిప్పేది సైకిల్‌కి ఉన్నట్టే చైను. కాకపోతే చాలా పెద్ద చైను, రెండు వైపులా ఒక్కొక్కటి.

1924లో ఇటలీలోని మోంజాలో మరో కారులో పోటీపడుతూ జ్బొరోవ్‌స్కీ చనిపోయాడు. ఆయన కారును 125 పౌండ్లకు కొనుక్కున్నాడు జాన్ గాడ్‌ఫ్రీ ప్యారీ థామస్. వేల్స్‌లోని రెక్సమ్‌లో పుట్టిన థామస్ లేలాండ్ కంపెనీలో చీఫ్ ఇంజినీరుగా చేసినవాడు. ఇంజిన్‌కి తన సొంత డిజైన్ పిస్టన్లు, నాలుగు కార్బురేటర్లు అమర్చాడు. ముద్దుగా ‘బాబ్స్’ అని పేరు పెట్టాడు.

ఏడాదిలోనే తారుమారు
1926 ఏప్రిల్ 27న పెండైన్ తీరంలో బాబ్స్ గంటకు 169.30 మైళ్ల వేగం అందుకుంది. మర్నాడు దాన్ని 171.02 మైళ్లకు పెంచింది. అంటే 275 కిలోమీటర్లు! ప్రపంచంలో అంతకన్నా వేగంగా నేల మీద పరుగెత్తిన కారు అప్పటికి లేదు.

ఆ రికార్డు పది నెలలు కూడా నిలవలేదు. 1927 ఫిబ్రవరిలో అదే తీరంలో మాల్కం క్యాంప్‌బెల్ తన ‘బ్లూబర్డ్’తో 174.88 మైళ్ల వేగం సాధించాడు. థామస్ ఊరుకోలేదు. మార్చి 3న బాబ్స్‌తో మళ్లీ బరిలోకి దిగాడు. వేగంగా వెళ్తున్న కారు ఒక్కసారిగా అదుపు తప్పి పల్టీ కొట్టింది. థామస్ అక్కడికక్కడే చనిపోయాడు.  నేల మీద వేగ రికార్డు కోసం ప్రయత్నిస్తూ ప్రాణాలు కోల్పోయిన మొదటి వ్యక్తి ఆయనే. అదే నెలాఖరులో అమెరికాలోని డేటోనాలో హెన్రీ సీగ్రేవ్ కారు 200 మైళ్ల హద్దునూ దాటేసింది.

థామస్‌ని ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ రేస్‌ట్రాక్ దగ్గర్లోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. బాబ్స్‌ని మాత్రం ఆ తీరంలోనే గొయ్యి తీసి పాతిపెట్టారు.

సమాధా... కారా?
నలభై ఏళ్లు గడిచాయి. బ్యాంగర్ టెక్నికల్ కాలేజీలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే ఓవెన్ విన్ ఓవెన్‌కి పాత కార్లంటే ప్రాణం. బాబ్స్‌ని బయటికి తీయాలన్న ఆలోచన ఆయనదే. అయితే అది అంత తేలిక కాదు. కారు ఉన్న చోటు అప్పటికి బ్రిటన్ రక్షణశాఖ అధీనంలోకి వెళ్లింది. అధికారులు ఒప్పుకోవాలి. థామస్ బంధువులు సరేననాలి. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి... మనుషుల మనసు. ఓ మంచి మనిషి జ్ఞాపకంగా పాతిపెట్టిన దాన్ని కదిలించడం తప్పు కాదా? ఎన్నో అభ్యంతరాలు వచ్చాయి.

మరోవైపు వాదన కూడా బలమైనదే. థామస్ దేహం అక్కడ లేదు. అక్కడున్నది ఆయన చేతిపని. ఉప్పునీటిలో అది ఏటా కొంచెం కొంచెంగా కరిగిపోతోంది. ఇంకొన్నాళ్లు పోతే తవ్వినా మిగిలేది ఏమీ ఉండదు. చివరికి అనుమతులు వచ్చాయి. 1969లో బాబ్స్ వెలుగు చూసింది.

బాడీ రేకులు దాదాపుగా తినేసి ఉన్నాయి. ఛాసిస్, ఇంజిన్ వంటి గట్టి భాగాల్లో మాత్రం చాలావరకు పనికొచ్చేవి మిగిలాయి. బయటివాళ్లకి అది పాత ఇనుము. ఓవెన్‌కి మాత్రం కారే!

తొందరపడితే అంతే!
ఇలాంటి కారు చేతికి రాగానే శుభ్రంగా కడిగి, గీకి, మెరిపించాలనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆ పని చేయరు. మొదట ఎక్కడి ముక్క అక్కడ ఉండగానే ఫొటోలు తీస్తారు. ప్రతి భాగానికీ ఓ నంబరు, ఓ చీటీ. చిన్న నట్టునైనా పారేయరు. ఎందుకంటే కొత్తది చేయించాలంటే కొలత తీసుకోవడానికి ఆ పాతదే ఆధారం.

సముద్రంలోంచి వచ్చిన ఇనుముతో ఇంకో చిక్కుంది. ఇసుక కింద గాలి తక్కువ కాబట్టి తుప్పు నిదానంగా సాగుతుంది. బయట గాలి తగలగానే, లోపల ఇంకిన ఉప్పు వల్ల వేగం పుంజుకుంటుంది. అందుకే మంచినీళ్లతో పదేపదే కడిగి ముందు ఆ ఉప్పును వదిలించాలి. ఉప్పునీటిలో ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉంటే మొదట తినేసేది అల్యూమినియంనే. బిగుసుకుపోయిన బోల్టుల సంగతి సరేసరి. బలం ఉపయోగిస్తే పుటుక్కున విరుగుతాయి. నూనెలో రోజుల తరబడి నానబెట్టి, అవసరమైతే వేడిచేసి, కొద్దికొద్దిగా కదిలించాలి.

బాబ్స్‌లాంటి కారు ప్రపంచంలో ఒక్కటే. దానికి మాన్యువల్ ఉండదు, విడిభాగాలు అమ్మే దుకాణమూ ఉండదు. పాత ఫొటోలు చూసి బాడీ ఆకారం పట్టుకోవాలి. అయితే ఒక ఊరట... లిబర్టీ ఇంజిన్లను అప్పట్లో 20 వేలకు పైగా తయారు చేశారు. కాబట్టి లోపించిన భాగాల కోసం వెతకడానికి ఓ దారంటూ ఉంది.

చైను మీద నింద
థామస్ మరణానికి చైనే కారణమని ఏళ్ల తరబడి అందరూ నమ్మారు. అది తెగి ఎగిరి ఆయన తలకు తగిలిందని చెప్పుకునేవారు. కారు బయటికొచ్చి భాగాలను పరిశీలించాక ఆ కథ మీద సందేహాలు మొదలయ్యాయి. ముందు వెనక కుడి చక్రం దెబ్బతిని ఉంటుందని, చైను తెగడం దాని పర్యవసానం కావచ్చని మరో వాదన ముందుకొచ్చింది. కారును అలా మట్టిలోనే వదిలేసి ఉంటే ఈ ప్రశ్న అడిగే అవకాశమే ఉండేది కాదు. బాగుచేయడం అంటే రంగులేసి నడిపించడమే కాదు, అది దాచుకున్న సాక్ష్యాన్ని చదవడం కూడా!

ఓవెన్ పని సుమారు పదిహేనేళ్లు సాగింది. కొత్త బాడీ తొడుక్కున్న బాబ్స్ ఇంజిన్ మళ్లీ గర్జించింది. 1996లో పెండైన్‌లో వేగ చరిత్రకు ఓ మ్యూజియం తెరిచాక, వేసవి వచ్చిందంటే బాబ్స్ అక్కడికి చేరేది. 2023లో ఆ స్థానంలో కొత్త మ్యూజియం వచ్చింది.

ఇంతకీ పాతిపెట్టినవాళ్లు తప్పు చేశారా, తవ్వి తీసినవాళ్లా? ఇద్దరిదీ అభిమానమే. ఒకరు థామస్ మీద ప్రేమతో ఆయన కారును దాచారు. మరొకరు అదే ప్రేమతో ఆయన పనితనాన్ని లోకానికి చూపించారు. పార పట్టే ముందు నలుగురినీ ఒప్పించడానికి ఓవెన్ పడ్డ శ్రమ కూడా ఆ మరమ్మతులో భాగమే.