అమ్మ కథకి రెక్కలొచ్చాయి!

"సెలవుల్లో పిల్లలతో వేగలేకపోతున్నానమ్మా!" ఈ మాట అనని తల్లి మనలో ఉండదేమో. నేనూ అన్నాను. పొద్దస్తమానం ఫోను పట్టుక్కూర్చునే మా పదేళ్ళవాడితో వారం రోజులు పోట్లాడి, చివరికి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. "కాసేపు చేతుల్తో ఏదైనా చేసుకోరా" అన్నాను.

చేశాడు! మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి హాలు నిండా కాగితం విమానాలు. ఒకటి సోఫా కింద, ఒకటి అలమర పైన, రెండు బాల్కనీ దాటి కిందివాళ్ళ తులసికోటలో. ఒకటి విప్పి చూద్దును కదా, నా అక్షరాలే! రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న కథ, 12 పేజీల సాపు ప్రతి.

వీపు మీద ఒక్కటిచ్చాను. వాడు ఏడవలేదు. "నువ్వే కదా చేతుల్తో చేసుకోమన్నావు" అన్నాడు. అంతే. రాత్రి అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

నాకు నిద్ర పట్టలేదు. ఫోను లాక్కున్నాను సరే, బదులుగా వాడి చేతికి ఏమిచ్చాను? ఒక్క తెల్ల కాగితమైనా ఇవ్వలేదే!

మర్నాడు జిరాక్సు కాగితాల కట్ట తెచ్చి "నాకూ నేర్పరా నాన్నా" అన్నాను. మొహం తిప్పుకున్నాడు. నేను వంకరటింకరగా మడుస్తుంటే చూడలేక "అలా కాదమ్మా" అంటూ దగ్గరికొచ్చాడు. మడతల మధ్యలో మెల్లిగా చెప్పాడు, "పాత పేపర్ల పక్కన ఉంటే చిత్తు కాగితాలనుకున్నా." అక్కడ పెట్టింది నేనే! "కొట్టడం నాదే తప్పురా" అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఇలా మడవండి

ఎ4 కాగితం నిలువుగా సగానికి మడిచి విప్పండి. పై మూలలు రెండూ మధ్య గీత దగ్గరికి తెస్తే పైన త్రికోణం వస్తుంది. ఆ త్రికోణం అడుక్కి 2 సెంటీమీటర్లు కిందుగా గీత వచ్చేలా, మొత్తం కిందికి మడవండి. మళ్ళీ పై మూలల్ని మధ్యకి తెండి. కింద త్రికోణం కొస చిన్నగా బయటికి కనిపిస్తుంది. దాన్ని పైకి మడిస్తే మూలలు విడిపోకుండా తాళం వేసినట్టు పట్టుకుంటుంది. ఆ కొస బయటి వైపుండేలా విమానాన్ని సగానికి మడిచి, అడుగున 2 సెంటీమీటర్లు పట్టుకోవడానికి వదిలి, రెండు పక్కలా రెక్కలు దించండి. ప్రతి మడతా గోటితో గట్టిగా రుద్దాలి. రెండు రెక్కలూ సమానంగా ఉండాలి.

మడతలన్నీ ముందుకే చేరడం వల్ల ముక్కు బరువెక్కి, విమానం అటూ ఇటూ తూలదు. ఎదురుగా చూస్తే రెక్కలు కాస్త పైకి లేచి ఉండాలి.

మొరాయిస్తే మందు

ముక్కు నేలకి గుచ్చుకుంటోందా? రెక్కల వెనక అంచుల్ని రవ్వంత పైకి వంచండి. పైకి లేచి, ఆగి, దబ్బున పడుతోందా? ఆ వంపు తగ్గించండి, లేదా ముక్కుకి జెమ్‌క్లిప్ పెట్టండి. బలం కొద్దీ విసరక్కర్లేదు. చేతిలోంచి ముందుకి జారవిడిచినట్టు వదిలితే చాలు. ఇంట్లో అయితే ఫ్యాను ఆపండి. ఎవరి మొహం మీదికీ వెయ్యొద్దని ముందే చెప్పండి.

విమానం పేరు సుజాన్

ఇది పిల్లల ఆటే అనుకోకండి. అమెరికాలో జాన్ కాలిన్స్ అనే ఆయన మడిచిన విమానాన్ని 2012లో జో అయూబ్ విసిరితే 69.14 మీటర్లు వెళ్ళి ప్రపంచ రికార్డయింది. దానికి కాలిన్స్ పెట్టిన పేరు సుజాన్. ఆయనగారి భార్య పేరు! 2022 డిసెంబరులో అమెరికా ఇంజినీర్ల బృందం ఒకటి 88.31 మీటర్లు ఎగరేసింది. క్రికెట్ పిచ్‌లు నాలుగు వరసగా పేర్చినా అంతకంటే తక్కువే. జపాన్‌కి చెందిన తకువో తోడా విమానమైతే 2010లో 29.2 సెకన్లు గాల్లో నిలిచింది.

ఇవన్నీ చెబితే మావాడు "మనదానికి నీ పేరు పెడదామమ్మా" అన్నాడు. సాయంత్రం డాబా మీద నా పేరుగల విమానం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళింది. మావారు కూడా వచ్చి రెండు మడిచారు. ఆయనవి ఎగరలేదనుకోండి!

ఇక నా కథ సంగతంటారా? మడతలు విప్పి పేజీలు వరసగా పెట్టుకున్నాను. తులసికోటలో పడిన రెండు పేజీలూ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. అవి లేకుండానే చదివి చూశాను. కథ ఇంకా బాగుంది!

ఈ సెలవుల్లో మీ పిల్లల చేతికీ ఓ తెల్ల కాగితం ఇచ్చి చూడండి. మీ కాగితాలు మాత్రం ముందే బీరువాలో దాచుకోండేం!