అంకెల గడియారం

హైదరాబాదు పాతనగరానికి దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్టకు ఆనుకొని ఉన్న పేట బార్కస్. ఆంగ్లంలోని ‘బ్యారక్స్’ అనే మాటే జనుల నోట నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఇక్కడ నివసించేవారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ సైన్యం లేకుండా పోయింది. సిపాయిల సంతతి మాత్రం ఇక్కడే నిలిచిపోయింది. 1970ల నుంచి చమురు సంపదతో గల్ఫ్ దేశాలలో పనులు పెరగగా, ఈ పేట యువకులు అనేకులు తాతలు వచ్చిన దారినే తిరిగి సముద్రం దాటారు. సెలవుపై ఇంటికి వచ్చినవారి పెట్టెలలో అత్తరు సీసాల నడుమ తరచుగా కనిపించే వస్తువు ఒకటి ఉండేది. అది నల్లని పట్టీ గల అంకెల చేతి గడియారం.

ఆ గడియారం నేడు అపురూపమైనది కాదు. అయినా దానిని ఎంచుకోవడం మునుపటికంటే కష్టమైంది. ఒకే రూపురేఖలతో అసలుదీ, నకిలీదీ పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. జూనియర్ కళాశాలలో చేరిన పిల్లవానికి, రియాద్‌లోనో దుబాయిలోనో కష్టపడుతున్న తండ్రి పంపిన డబ్బులోంచి వెయ్యి రూపాయలు తీసి గడియారం కొనాలంటే, ఆ వెయ్యి రూపాయలకు లెక్క చెప్పగలగాలి.

పూర్వం పాతనగరవాసికి సొంత గడియారం అవసరమే ఉండేది కాదు. కాలం అందరి సొత్తుగా ఎత్తైన గోడలమీద ఉండేది. చార్మినారు నాలుగు ముఖాలకూ 1889లో గడియారాలు అమర్చారు. దానికి సమీపంలోనే మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని 1892లో ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా కట్టించాడు. బాటసారి తలయెత్తి వేళ తెలుసుకొని ముందుకు సాగేవాడు. గోడమీది కాలం మణికట్టు మీదికి దిగడానికి మనదేశంలో మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1961లో ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎమ్.టి., జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. ఆ తరువాత హైదరాబాదులోనే ఆల్విన్ సంస్థ, సైకో కంపెనీ సాంకేతిక సహాయంతో గడియారాలు చేసింది. తెలుగునాట కొత్త అల్లునికి పెట్టే వస్తువులలో సైకిలు, రేడియోల సరసన వాచీ చేరింది. అది ధనికుని ఆభరణమూ కాదు, చవక వస్తువూ కాదు. దానికి ప్రతి ఉదయం కీలు తిప్పాలి. మరచిపోతే కాలం ఆగిపోతుంది.

ఈ స్థితిని మార్చినది పలుగురాయి. పొలాల గట్లమీద తెల్లగా మెరుస్తూ కాలికి తగిలే ఆ రాయి జాతికి చెందిన స్ఫటికాన్నే శాస్త్రజ్ఞులు క్వార్ట్జ్ అంటారు. దానిని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సు దేశపు సోదరులు జాక్ క్యూరీ, పియరీ క్యూరీ కనుగొన్నారు. అదే స్ఫటికానికి విద్యుత్తు తగిలిస్తే కంపిస్తుంది. ఈనాటి గడియారాలలో శ్రుతిదండం ఆకారంలో కోసిన చిన్న స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను యాదృచ్ఛికంగా ఎన్నుకోలేదు. రెండును పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే లబ్ధం అది. కనుక గడియారంలోని సూక్ష్మవలయం ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను. క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే మొదటి చేతి గడియారాన్ని సైకో కంపెనీ 1969 డిసెంబరు 25న టోక్యోలో విడుదల చేసింది. దాని వెల 4,50,000 యెన్‌లు. ఆ సొమ్ముతో అప్పుడు ఒక కారే వచ్చేది.

ముళ్ళు తీసివేసి అంకెలు చూపిన మొదటి ఎలక్ట్రానిక్ చేతి గడియారం అమెరికాలో 1972లో వచ్చిన పల్సర్. దాని వెల 2,100 డాలర్లు. ఇంత వెల పెట్టినా ఎర్రని అంకెలు ఎల్లప్పుడూ కనిపించేవి కావు. మీట నొక్కినంతసేపే వెలిగేవి. లేకపోతే సెల్లు త్వరగా ఖాళీ అయ్యేది. వేళ చూడడానికి రెండు చేతులూ కావలసిరావడం ఆ గడియారానికి తీరని లోపం. 1975లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ అటువంటిదానినే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి 20 డాలర్లకు అమ్మింది. మూడేళ్ళలో ధర నూరోవంతుకు పడిపోయిందన్నమాట. అప్పటికే ద్రవ స్ఫటికాల తెర కూడా వచ్చింది. ఈ తెర తనంత తాను వెలగదు. తనపై పడిన వెలుతురును అడ్డుకొని నల్లని అంకెలుగా చూపుతుంది. అందువల్ల దానికి విద్యుత్తు అత్యల్పంగా చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అంకెలు మరింత స్పష్టంగా కనబడతాయి. చవక గడియారం నిజంగా ఉపయోగపడే గడియారం కావడానికి ఈ తెరే కారణం.

జపానుకు చెందిన కాసియో కంపెనీ 1974 నుంచి అంకెల గడియారాలు చేస్తున్నది. 1989లో అది విడుదల చేసిన ఎఫ్-91డబ్ల్యూ అనే నమూనా నేటికీ దాదాపు అదే రూపంలో అమ్ముడవుతున్నది. ర్యూసుకే మొరియాయ్ ఆ కంపెనీలో చేరి రూపకల్పన చేసిన మొదటి గడియారం అదే. బరువు 21 గ్రాములు. గంట, నిమిషం, సెకను, తేదీ, వారం కనిపిస్తాయి. ఒక అలారం, గంటగంటకూ చిన్న కూత, సెకనులో నూరోవంతును కొలిచే స్టాప్‌వాచ్ ఉంటాయి. సెల్లు సుమారు ఏడేళ్ళు నడుస్తుందని తయారీదారుల మాట. నెలకు 30 సెకన్లకు మించి ముందు వెనుకలు కాదు. కీలు తిప్పే ఖరీదైన గడియారాలలో ఇంతటి నిలకడ అరుదు. ఇందులో మరొక వింత ఉన్నది. ఆ తెరమీది అంకెలను పాశ్చాత్యులు అరబ్బీ అంకెలు అంటారు. అవి భారతదేశంలో పుట్టి అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరినవి. జపాను గడియారంలో ఎక్కి బార్కస్‌లోని అరబ్బు సంతతివారి మణికట్టు మీదికి రావడంతో అవి ఇంటికి చేరినట్లే.

ఈ రకపు గడియారం బార్కస్ జీవితానికి ఎందుకు ఒదిగిందో గమనిస్తే, ఎంపికలో చూడవలసినవేమిటో వాటంతటవే తెలుస్తాయి. నమాజుకు ముందు చేసే వుజూలో చేతులను మోచేతుల వరకు కడుగుతారు. నీరు చర్మాన్ని తాకాలి గనుక గడియారాన్ని తీయాలి, లేదా పైకి జరపాలి. రోజుకు ఐదుసార్లు వరకు ఇలా తీసి పెట్టుకొనే వస్తువుకు తేలికైన పట్టీ, తుప్పుపట్టని పెట్టె, తడిని సహించే గుణం ఉండాలి. తోలుపట్టీ ఇక్కడ నిలవదు. గడియారం వెనుక ‘నీటిని తట్టుకొంటుంది’ అని ఉన్నంతమాత్రాన దానితో ఈత కొట్టవచ్చునని అర్థం కాదు. చేతులు కడుక్కోవడానికి, చిరుజల్లుకు అది సరిపోతుంది. 30 మీటర్లు అనే ముద్ర కూడా ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చునని చెప్పదు. అది కదలని నీటి ఒత్తిడికి చేసిన పరీక్ష మాత్రమే. ఈత కొట్టేవారు 50 మీటర్లు, ఇంకా మంచిది 100 మీటర్ల ముద్ర ఉన్నదానిని చూసుకోవాలి. నీటిలో ఉండగా మీటలు నొక్కడం ఏ చవక గడియారానికీ మంచిది కాదు.

అలారం సంగతి కూడా ఆలోచించదగినదే. తెల్లవారుజామున లేచే అలవాటున్న ఇంట ఒక అలారం చాలు. ఫజర్ వేళ సూర్యుణ్ణి అనుసరించి మారుతుంది. హైదరాబాదులో సూర్యోదయానికి జూన్ నెలకూ జనవరికీ గంటకు పైగా తేడా ఉంటుంది. కాబట్టి కొద్దిరోజులకొకసారి అలారం సవరించుకోవాలి. మీటలు మొరాయించే గడియారమైతే ఈ పని విసుగు పుట్టిస్తుంది. కొనేటప్పుడే అలారం ఒకసారి మార్చి చూడడం అందుకే మేలు. గంటగంటకూ కూసే కూతను ఆపే వీలున్నదో లేదో కూడా చూడాలి. తరగతి గదిలో నలభై గడియారాలు ఒకదాని తరువాత ఒకటి కూయడం ఏ అధ్యాపకునికీ రుచించదు.

తండ్రో అన్నో గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళకు మరొక అవసరం ఉంటుంది. సౌదీ అరేబియా సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక, దుబాయి సమయం గంటన్నర వెనుక. ఇక్కడ రాత్రి పది గంటలైతే రియాద్‌లో ఏడున్నర. అక్కడివారు పనినుంచి వచ్చి ఉంటారా లేదా అని ప్రతిసారీ వేళ్ళమీద లెక్కించే తల్లికి, రెండు ప్రాంతాల సమయాన్ని చూపే గడియారం నిజమైన సహాయం. ఎఫ్-91డబ్ల్యూలో ఆ సౌకర్యం లేదు. కొంచెం ఎక్కువ వెలకు దొరికే ఇతర నమూనాలలో ఉన్నది. అటువంటి కొన్నింటిలో సెల్లు పదేళ్ళు నడుస్తుంది. ఈ తేడాకు ఒక కారణం సెల్లు పేరులోనే దొరుకుతుంది. సి.ఆర్. 2016 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం. సి.ఆర్. 2025 అంటే అదే వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం. మందం పెరిగితే నిలువ ఉండే శక్తీ పెరుగుతుంది. ఈ రెండూ వాచీ రిపేరు దుకాణాలలో సులువుగా దొరికే సెల్లులే. అరుదైన సెల్లు వేసే గడియారం ఎంత చవకైనా దానిని విడిచిపెట్టడమే వివేకం.

ఇక నకిలీల మాట. ఎక్కువగా అమ్ముడయ్యే వస్తువుకే ఎక్కువ నకిలీలు పుడతాయి. నకిలీలో అంకెలు పలచగా ఉండి, కొంచెం పక్కనుంచి చూస్తే ఒకదానిమీద ఒకటి నీడలుగా కనిపించవచ్చు. ముఖంపై ముద్రించిన గీతలు సమంగా ఉండకపోవచ్చు. అసలు ఎఫ్-91డబ్ల్యూ వెనుక ఉక్కురేకుపై 593 అనే సంఖ్య చెక్కి ఉంటుంది. రేకును నాలుగు చిన్న మరలు పట్టి ఉంచుతాయి. కుడివైపున్న మీటను మూడు సెకన్లు నొక్కి పట్టుకొంటే తెరపై కంపెనీ పేరు కనిపిస్తుంది. అయితే నకిలీవారు ఈ పరీక్షను కూడా నేర్చుకొనే అవకాశం ఉన్నది. కాబట్టి ఒక్క గుర్తుతో తృప్తిపడకుండా రశీదు ఇచ్చే దుకాణంలోనే కొనడం మంచిది.

వెల విషయంలో చిన్న లెక్క ఒకటి వేయవచ్చు. 1,400 రూపాయల గడియారం ఏడేళ్ళు నడిచిందనుకొంటే ఏడాదికి 200 రూపాయలు పడుతుంది. 200 రూపాయల నకిలీ ఎనిమిది నెలలకే ఆగిపోయిందనుకొంటే ఏడాదికి 300 రూపాయలవుతుంది. చవకగా కనిపించినది చవక కాదని తేలుతుంది. ఏడేళ్ళలోపు పట్టీ తెగే మాట నిజమే. రెసిన్ పట్టీ చెమటకు, ఎండకు బిరుసెక్కి చీలుతుంది. కొత్త పట్టీ దొరుకుతుందో లేదో, ఎంతకు దొరుకుతుందో కొనేనాడే దుకాణదారుని అడగడంలో తప్పు లేదు.

బండిమీద అమ్మే అద్దంవంటి గడియారాలు పిల్లలను ఆకర్షిస్తాయి. వేలు తాకిస్తే ఎర్రని అంకెలు మెరిసి మాయమవుతాయి. 1972నాటి పల్సర్‌కు ఉన్న లోపమే యాభై ఏళ్ళ తరువాత వీటికి వేడుకగా మారింది. బస్సు కడ్డీ పట్టుకొని నిలబడిన విద్యార్థికి మాత్రం అది వేడుక కాదు. స్మార్ట్ వాచీలు అడుగులు లెక్కిస్తాయి, నాడిని కొలుస్తాయి. చాలావాటికి కొద్దిరోజులకొకసారి ఛార్జింగు కావాలి. వేళ తెలుసుకోవడానికి చేతిఫోను చాలదా అనే ప్రశ్న న్యాయమైనదే. అయితే వేళ చూడడానికి తీసిన ఫోను వెంటనే జేబులోకి తిరిగి వెళ్ళడం అరుదని విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

నీట్ వంటి ప్రవేశపరీక్షలలో చేతి గడియారాన్ని లోపలికి అనుమతించరు. అందుచేత విద్యార్థికి గడియారం నిజంగా పనికివచ్చేది పరీక్షకు ముందు నెలలలో. ఇంటివద్ద మాదిరి ప్రశ్నపత్రం ముందుంచుకొని, ఒక్కొక్క ప్రశ్నకు ఎంతసేపు పడుతున్నదో స్టాప్‌వాచ్‌తో కొలుచుకొంటే, ఏ భాగంలో కాలం జారిపోతున్నదో తెలుస్తుంది. ఆ అంచనా ఒకసారి కుదిరిన తరువాత పరీక్షగది గోడమీది గడియారం చాలు.

ఎఫ్-91డబ్ల్యూకు ఒక చిన్న మతిమరుపు ఉన్నది. నెలలనూ రోజులనూ అది ఎరుగును గాని సంవత్సరాన్ని ఎరుగదు. ఫిబ్రవరి అంటే దాని లెక్కలో ఎప్పుడూ 28 రోజులే. 2028 ఫిబ్రవరి 29, మంగళవారంనాడు అది వారాన్ని సరిగానే చూపుతూ తేదీని మార్చి 1గా చూపుతుంది. దానిని పెట్టుకొన్నవారు మరునాడు మీట నొక్కి తేదీని ఒక రోజు వెనక్కి జరపాలి. ఆ తరువాత మరి నాలుగేళ్ళ వరకు ఆ పని ఉండదు.