విషాదము - హృద్రోగము



మన భాషలో దుఃఖమును దెలుపు మాటలు పెక్కులు గుండెను పట్టుకొనియే యున్నవి. గుండె చెరువయ్యె నందుము. గుండె పగిలె నందుము. ఓదార్చునపుడు గుండె రాయి చేసికొమ్మందుము. ఈ మాటలకు మూలమైన యనుభవమును గూర్చి నేటి వైద్యశాస్త్రము కనుగొన్న సంగతులు కొన్ని మీకు విన్నవింతును. నేను వైద్యుడను గాను. చదివి తెలిసికొన్నంత మాత్రమే చెప్పుదును.

చరకసంహిత సూత్రస్థానమున నిరువదియైదవ యధ్యాయములో ఏ వర్గమున నేది ముఖ్యమో చెప్పు పట్టిక యొకటి కలదు. రోగమును పెంచువానిలో విషాదమే మొదటిదని యందు చెప్పబడినది. 1628లో రక్తప్రసరణమును గూర్చి గ్రంథము ప్రకటించిన ఆంగ్లవైద్యుడు విలియం హార్వేయు మనోవికారములు గుండెను సోకునని గుర్తించెను. కాని యీ విషయము లెక్కలతో తేలుటకు చాలకాలము పట్టినది.

కెనడా దేశమున మాంట్రియల్ హృదయవైద్యసంస్థలో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ అను విదుషియు, ఆమె సహచరులును, గుండెపోటు వచ్చి బ్రతికిన 222 మందిని ఆఱు మాసములు కనిపెట్టి చూచి, 1993లో ఫలితములను ప్రకటించిరి. మనస్సు తీవ్రముగా క్రుంగినవారికి మరణభయము తక్కినవారికంటె నించుమించు నాలుగు రెట్లు హెచ్చుగా నుండెను. గుండె బలహీనత మొదలగు ఇతర కారణములను విడదీసి చూచినను ఈ భేదము నిలిచెను. అటుపై మఱి పెక్కు పరిశోధనలు జరిగినవి. 2014లో అమెరికా హృదయసంఘమువారు గుండెపోటు తరువాత ప్రమాదమును పెంచు కారణములలో ఈ క్రుంగుబాటును చేర్పవలెనని సూచించిరి.

ఇది యెట్లు జరుగును? దారులు రెండు. మొదటిది దేహములోనిది. దీర్ఘకాలము విచారమున మునిగినవాని శరీరము ఎల్లపుడు శత్రువు నెదిరించుచున్నట్లే యుండును. అడ్రినలిన్, కార్టిసోల్ అను రసములు హెచ్చును, నాడి వేగపడును, రక్తపుపోటు పెరుగును, రక్తమును గడ్డకట్టించు సూక్ష్మకణములు ఒండొంటికి సులభముగా నంటుకొనును, రక్తనాళముల గోడలు వాచును. రెండవది నడవడిలోనిది. మనస్సు క్రుంగినవాడు మందు మఱచును, నడక మానును, నిద్రకు దూరమగును, చుట్టకో బీడికో దగ్గఱయగును.

ఇది రెండువైపుల నడుచు త్రోవ. విషాదము గుండెజబ్బును తెచ్చినట్లే గుండెజబ్బును విషాదమును తెచ్చును. గుండెపోటు వచ్చినవారిలో నించుమించు ఐదుగురి కొకరు తీవ్రముగా క్రుంగుదురు.

మన గ్రామములలో నొక పొరపాటు ప్రబలియున్నది. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన పెద్దవాడు అరుగుమీద మాటాడక కూర్చున్నచో ఇంటివారు దానిని వార్ధక్యమనియో వైరాగ్యమనియో తలంతురు. వైరాగ్యము వేఱు, విషాదము వేఱు. విరాగికి శాంతి యుండును. మనుమల మాట తియ్యగా నుండును. విషాదగ్రస్తునకు అన్నము రుచింపదు; తెల్లవారక మునుపే మెలకువ వచ్చును; ఇంటికి తాను బరువైతినను తలపు విడువదు. ఇట్టి స్థితి రెండు వారములు దాటినచో నది రోగము. దానిని వైద్యునితో చెప్పవలెను.

దీనికి చికిత్స కలదు. సెర్‌ట్రలిన్ అను మందు గుండెజబ్బువారికిని హానిచేయదని 2002లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. క్రుంగుబాటునకు వాడు కొన్ని పాతమందులు గుండెకు కీడు చేయును గనుక మందు నేర్పఱచుట వైద్యుని పనియే. మఱియొక సంగతియు దాచరాదు. 2003లో అమెరికానుండి వెలువడిన పరిశోధనలో, 2,481 మందిలో సగమునకు బుద్ధివాద చికిత్స చేయగా వారి విచారము తగ్గెను గాని మరణములు తగ్గలేదు. కావున మనస్సు తేలికపడినదని గుండెమందు మానరాదు. ఱొమ్మునొప్పి వచ్చినపుడు అది దిగులువలన వచ్చినదని ఇంట కూర్చుండనురాదు. తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మనోవ్యాధికి సలహా నొసగుటకై 2022లో భారత ప్రభుత్వము టెలి-మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు తెలుగులోనే మాటాడవచ్చును, రుసుము లేదు.

గుండెపోటు వచ్చిన బంధువును చూడబోయినపుడు మనము మందులడుగుదుము, పథ్యమడుగుదుము. ఇకమీదట నింకొకటి యడుగుడు: “నిద్ర పట్టుచున్నదా? మనసెట్లున్నది?” అడిగి, అతడు చెప్పునంతవఱకు కూర్చుండి వినుడు.